టేపు

మధ్యాహ్నం దాకా గేరిలో అందరం నవ్వుకుంటానే ఉంటిమి.
కొళాయి మూడుదినాలకొకసారి వచ్చే ఊరు మాది,
నీళ్ళు వాటంతటవే నడిచి ఇంటికొస్తే ఎట్ల నమ్మేది?
మోరీ వెనక్కి పారుతాందని
మా లింగేశ్వరి వచ్చి చెప్పింది మొదట.
మోరీ ఎప్పుడన్నా వెనక్కి పారుతుందా పాపా అంటి,
కాజాలు కుడుతూ, తల ఎత్తకుండా.

ఒకపక్క హంద్రి. ఒకపక్క తుంగభద్ర.
నడుమ, బండిమెట్ట కింద
మూడు మెట్ల ఇల్లు, నెలకు ఎనిమిదినూర్ల బాడుగ.
మొదటి మెట్టు మునిగేటప్పటికి వాన నిలిచింది.
అప్పుడేసింది నాకు భయం.
వాన లేకుండా పెరిగే నీళ్ళను
ఏమని అడగాలో తెలియదు.

మెడలో టేపు తీసి రెండో మెట్టుకు ఆనిస్తి.
నాలుగించులు.
సూదికి దారం ఎక్కించేలోపల ఐదున్నర.
గడప దాటినాక అవి నాకే కొలతలు తీయబట్టె:
మడమ,
పిక్క,
మోకాలు, పాప లంగా పొడవు.
ఎవరి నడుము చుట్టూ టేపు తిప్పినా
నేను ఒక వేలు సందు వదుల్తా,
మనిషి ఊపిరి పీల్చుకోవాల గదా అని.
ఇవి వదల్లే.

మా ఆయన ఉరుకుందు బియ్యం మూట ఎత్తుకున్యాడు.
టీవీ అన్యాడు. సిలిండరు తేలుతాంది చూడే అన్యాడు.
నేను జాకెట్ గుడ్డలు ఎత్తుకుంటి.
మావి కావు, జనాలవి.
ముప్పయ్యొకటి.
ఒక్కోదానికి గుండుసూదితో ఒక చీటీ,
పేరు, కొలత, ఇచ్చిన అడ్వాన్సు.
బియ్యం తడిస్తే పస్తుంటాం,
గుడ్డ పోతే మొగమెట్ల చూపించేది?
ఆయన తిట్టినాడు. తిడుతూనే మిషను తల ఊడదీసి
భుజానికెత్తుకున్యాడు, నూనె చొక్కా మీద కారుతాండంగ.

పైమెట్ల తలుపు రమీజాబీది.
రెండేండ్లుగా ఆమెకూ నాకూ మాటల్లేవు.
మోటారేసి నీళ్ళన్నీ పైకి లాగుతాదని నేను,
వరసలో నా బిందె ముందుకు జరుపుతానని ఆమె,
ఒకనాడు గేరంతా వినేటట్లు.
ఆ బిందెకు సొట్ట ఇంకా ఉంది.
ఇప్పుడది ఖాళీగా తేలుకుంటా పోయింది,
ఎవరి వరసలోనూ నిలబడకుండా.

తలుపు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు.
కాలితో తంతి.
ఆమె తీసింది. నన్ను చూడలే, మూట చూసింది.
"గుడ్డలు తడిసినాయా?" అనింది.

రాత్రి ఆ మిద్దె మీద పదమూడు మందిమి.
కింద మా దూలం దాకా నీళ్ళు. తాగేదానికి చుక్క లేదు.
ట్యాంకు అడుగున మిగిలినవి
రమీజాబీ లోటాతో కొలిచి పోసింది,
పిల్లోళ్ళకు సగం, పెద్దోళ్ళకు గుక్కెడు.
నాకూ గుక్కెడే.
ఆ మోటారు లాగిన నీళ్ళే.
నేనేమీ అనలే. ఆమె కూడా అనలే.

చీకట్లో ఏదో గోడ కూలిన చప్పుడు.
తర్వాత కుక్క.
తర్వాత కుక్క కూడా లేదు.

కొవ్వొత్తి ముందర చీటీలు ఆరబెడితే సిరా అంతా కారిపోయింది.
పోనీ, కత్తిరించిన గుడ్డ
చేత్తో పట్టుకుంటే చాలు నాకు.
ఇది ఎడమభుజం దిగిన టీచరమ్మది.
ఇది బాలింత హుసేన్‌బీది, పాలకు వదులుగా పెట్టమనింది.
ఇది పూలమ్మే నాగరత్నది, చంక దగ్గర ఎప్పుడూ పిగులుతాది.
ముప్పై దాకా చెప్పుకుంటా పోతి,
లింగేశ్వరి వేళ్ళు మడిచి లెక్కపెడతాంది.

ముప్పయ్యొకటోది ఇంకా కత్తిరించలే.
చిలకపచ్చ, ఎర్రంచు, మీటరుకు తక్కువ.
గుండుసూదికి కాయితం పీలిక మిగిలింది, అంతే.
మొన్న సాయంత్రం
గడప అవతల నుంచే ఇచ్చి
తొందరేం లేదక్కా అనింది.
గొంతు గుర్తుంది, మొగం లేదు.

తెల్లారినాక, కనపడినంత దూరం మిద్దెల మీద జనం.
ఆ గుడ్డను రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంటి.
హెలికాప్టరొచ్చిందేమో అనుకొని
పక్క మిద్దెలవాళ్ళు కూడా
చీరలూ దుప్పట్లూ ఊపబట్టిరి.
నేను వాళ్ళ మొగాలు
ఒక్కొక్కటే చూస్తాంటి.